రైను నదీలోయ: ప్రయాణమునకు ముందు



దేశాంతరములకు పోయి వచ్చినవారు తాము చూచిన వింతలను మీకు వినిపించుట పరిపాటి. నేను నేడు చెప్పబోవునది పోయి వచ్చిన ప్రయాణము కాదు, పోబోవు ప్రయాణము. వచ్చు మే మాసమున నేనును మా అన్నగారును జర్మనీ దేశములోని రైను నదీలోయకు పోవ సంకల్పించితిమి. మూటలు ఇంకను కట్టలేదు. కాని మూటలు కట్టుటకంటె కష్టమైన పని ముగిసినది. ఏది చూడవలెను, ఏది విడువవలెను అను తగవు మా యిద్దఱి నడుమ తీఱినది. ఆ తగవునే మీ యెదుట పెట్టుచున్నాను.

మా అన్నగారు ముప్పది రెండేండ్లు ఉన్నత పాఠశాలలో భూగోళము బోధించిరి. ఐరోపా ఖండపు పాఠము వచ్చినప్పుడు నల్లబల్లపై నీలపు సుద్దతో రైను నదిని గీసెడివారు. ఆల్ప్సు కొండలలో మొదలుపెట్టిన గీత ఉత్తర సముద్రము చేరువఱకు చేయి యెత్తెడివారు కారు. నేనును ఆ తరగతిలో కూర్చున్నవాడనే. రైను పొడవు సుమారు 1,230 కిలోమీటర్లు, మన గోదావరి సుమారు 1,465 కిలోమీటర్లు. “పొడవున మనది పెద్ద, మోయు బరువున అది పెద్ద” అనెడివారు. నిజమే, ఐరోపాలో అంత సరకు మోయు నది మఱియొకటి లేదు. ఇప్పుడు ఆయనకు డెబ్బదియాఱేండ్లు.

ఆ నది పొడవంతయు ఒకే తీరున నుండదు. బింగెను అను పట్టణమునకును కోబ్లెంట్సు అను నగరమునకును నడుమ సుమారు 65 కిలోమీటర్ల మేర మాత్రము కొండలను చీల్చుకొని యిఱుకున పోవును. మేము పోదలచినది ఆ భాగమునకే. ఇరువైపుల నిటారు వాలులు, ఆ వాలులపై మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, మలుపు మలుపునకు కొండకొమ్మున నొక కోట, కొండకును నీటికిని నడుమ మిగిలిన సన్నని నేలపై పలకఱాతి కప్పుల గ్రామములు. 2002వ సంవత్సరమున యునెస్కో వారు ఈ భాగమును ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి. పాపికొండల నడుమ గోదావరిపై పోయినవారికి ఇఱుకు లోయ యన నెట్లుండునో తెలియును. కాని పాపికొండలయందు అడవి యెక్కువ. ఈ లోయలో జానెడు నేల కూడ ఒక రైతు చెమటతో తడిసినది.

అచ్చటి నేల పలకఱాయి. పగటి యెండను ఆ ఱాయి పీల్చుకొని రాత్రి తీగెలకు వెచ్చదన మిచ్చును. అందుచేతనే అంత ఉత్తరమున ద్రాక్ష పండుచున్నది. అయితే వాలు మిక్కుటమగుటచే అన్నిచోట్లకు యంత్రము ఎక్కదు, మనుష్యుడే ఎక్కవలెను. ఆ కష్టమునకు తగిన ఫలము లేక గడచిన నూఱేండ్లలో అనేకులు తోటలు విడిచిపెట్టిరి. పాతగోడల నడుమ ముండ్లపొదలు పెరిగిన వాలులను నేను కన్నులార చూచితిని. కోటలను పొగడు పుస్తకములు ఈ పాడుపడిన తోటలను గూర్చి ఒక్క ముక్కతో సరిపెట్టును.

కోటలను గూర్చి ఒక మాట. వానిలో పెక్కు రాజుల విలాసమునకు కట్టినవి కావు, నదిపై పోవు సరకుపై సుంకము గుంజుటకు కట్టినవి. కౌబు అను గ్రామమునకెదుట నది నడుమ దీవిపై నొక కోట కలదు. బవేరియా వంశీయుడగు లుడ్విగ్ రాజు 1327 ప్రాంతమున దానిని కట్టించెను. నావ పైకి పోయినను దిగువకు పోయినను అచ్చట ఆగి సుంకము చెల్లింపక తప్పెడిది కాదు. ఒక సుంకపు కోట దాటి కొంత దూరము పోవగానే మఱియొకటి. ఈ సుంకములన్నియు 19వ శతాబ్దమున తొలగెను. 1868లో మాన్‌హైము నగరమున జరిగిన ఒడంబడిక ప్రకారము రైనుపై రాకపోకలకు మాత్రమే సుంకము పుచ్చుకొనరాదు. కోటలు శిథిలములై బొమ్మలకు పనికి వచ్చుచున్నవి. నావలు నడచుచునే యున్నవి.

“కన్నులార చూచితి నంటివి, మఱల పోవుట యెందుకు?” అని మీరడుగవచ్చును. అచ్చటనే నా తప్పు చెప్పుకొనవలసియున్నది.

మా అన్నగారి కుమార్తె మైంట్సు నగరమున ఉద్యోగము చేయుచున్నది. 2018వ సంవత్సరము అక్టోబరులో మేమిద్దఱము ఆమె యింటికి పోయితిమి. ప్రయాణపు పట్టిక నాది. విమానపు వెల తక్కువని అక్టోబరు మాసమును ఎంచినదియు నేనే. మూడు దినములు, పదునొకండు కోటలు! ఏ కోటకు ఎన్ని నిమిషములో కూడ వ్రాసితిని. మా అన్నగారు పట్టిక చూచి, “నది యెచ్చట నున్నది?” అనిరి. “కోటల నడుమ నున్నది గదా” అంటిని.

మొదటి దినమున రేవునకు పోగా, మేము ఎక్కదలచిన నావ నడువదని పలకపై వ్రాసియుండెను. నదిలో నీరు లేదు. ఆ సంవత్సరము వేసవియంతయు వానలు లేక రైను ఎండిపోవుచుండెను. అక్టోబరు 22వ తేదీన కౌబు వద్ద కొలబద్ద 25 సెంటిమీటర్లు చూపెను. అచ్చట కొలతలు వ్రాసిపెట్టుట మొదలైనది మొదలు అంత తక్కువ ఎన్నడును లేదు. ఇది నది లోతు కాదు సుమా! ఆ కొలబద్ద సున్న నది యడుగున లేదు. నావలు పోవు దారిలో అంతకంటె ఎక్కువ నీరే యుండెను. అయినను సరకు నావలు బరువు తగ్గించుకొని ఆచితూచి నడచెను. బింగెను వద్ద నది నడుమ నున్న మూషిక బురుజునకు జనులు ఎండిన ఱాళ్లపై నడచి పోయిరి.

ఆ బురుజునకు ఒక కథ కలదు. హాట్టో అను మతాధికారి కఱవు కాలమున ధాన్యము దాచుకొని, ఆకలిగొని వచ్చినవారిని కొట్టములో పెట్టి తగులబెట్టించెనట. ఎలుకలు వానిని తఱుముకొని వచ్చి, నది యీది, ఆ బురుజులోనే వానిని కొఱికి తినివేసెనట. చరిత్రకారులు దీని నొప్పుకొనరు. హాట్టో 970లో మరణించెను; ఆ బురుజు అటుపిమ్మట మూడు వందల యేండ్లు గడచిన తరువాత సుంకము కొఱకు లేచినది. అయినను ధాన్యము దాచినవానికి జనులు తమలో తాము విధించిన శిక్ష యది. చరిత్ర కాకున్నను ఆ తీర్పును కొట్టివేయుటకు నాకు మనసొప్పదు.

నావ లేకున్న నేమి, రైలున్నది గదా యని నేను పట్టిక విడువలేదు. నదికి రెండు ఒడ్డులను రైలుదారులు కలవు. బ్రౌబాఖు అను గ్రామముపై మార్క్స్‌బుర్గు అను కోట యున్నది. ఆ లోయలోని కొండకోటలలో ఎన్నడును కూలగొట్టబడనిది అదియొక్కటే. లోపలికి పోవు దారిలో కొండఱాతినే తొలిచి చేసిన ఎగుడుదిగుడు మెట్లు గలవు. “ఇవి గుఱ్ఱములు ఎక్కుటకు చేసిన మెట్లు తమ్ముడా” అని మా అన్నగారు నాకు చెప్పుచుండగనే ఆయన కుడికాలు జారెను. ఎముక విఱుగలేదు, మోకాలు మాత్రము గుమ్మడికాయవలె వాచెను. తక్కిన దినములు ఆయన కుమార్తె యింటి కిటికీకడ కూర్చుండిరి. నేను ఒంటరిగా పోయి మఱి రెండు కోటలు చూచి వచ్చితిని. ఇది తలచుకొన్న నేటికిని సిగ్గగును.

తిరిగివచ్చు త్రోవలో ఆయన నన్నొక్క మాట యనలేదు. ఇల్లు చేరిన నెల దినములకు, కాఫీ త్రాగుచు, “ముప్పది రెండేండ్లు ఆ నదిని గీసితినిరా. దాని యొడ్డునకు పోయికూడ దానిపై ఒక్క గడియ కూర్చుండనైతిని” అనిరి. అంతియే.

ఇప్పుడు ఆయనకు మోకాళ్లు రెండును అరిగియున్నవి. ఈ ఒక్క ప్రయాణమునకు వైద్యుడు తలయూపెను. మఱియొకదానికి ఊపునను నమ్మకము మాలో నెవ్వరికిని లేదు. కావున ఈమాఱు పట్టిక వ్రాయుటకు పూర్వము, నది యెప్పుడెట్లు నడచునో తెలిసికొనుటకు కూర్చుంటిని.

మొదటిది కాలము. రైనుకు ఆల్ప్సు మంచు నీటిని పంపును. వసంతమున మంచు కరగుటచే మే, జూను మాసములలో సాధారణముగ నీరు నిండుగ నుండును. వేసవి చివరను శరత్తునను తగ్గును. చూచువారి నావలు ఏప్రిలు మొదలు అక్టోబరు వఱకు నడచును గాని, నడచు కాలమంతయు ఒక్కటి కాదు. 2022 ఆగస్టులో కౌబు కొలత మఱల 40 సెంటిమీటర్లకు లోపునకు దిగెను. శీతకాలమున వఱదలు వచ్చి, నీరు మితిమీఱిన రాకపోకలు ఆపివేయుదురు. అందుచే మే మాసపు రెండవ పక్షము నెంచితిమి. అప్పుడు రాత్రి తొమ్మిది గంటలకు గాని ప్రొద్దు క్రుంకదు. ద్రాక్షపండ్లు మాత్రము కనబడవు. అవి కోయునది సెప్టెంబరు, అక్టోబరులలో. పండ్లకంటె నీరు ముఖ్యమని నిశ్చయించితిమి. విమానపు వెల కొంత పెరిగినది, పెరగనిమ్ము.

నావకు ఒక దినము నిర్ణయింపలేదు. మూడు దినములు విడిచి యుంచితిమి. కౌబు కొలత ప్రతిదినము ప్రకటితమగుచుండును. అది చూచి, ఆకసము చూచి, అన్నగారి మోకాలు చూచి, మూడింటిలో ఏ దినము పోవలెనో ఆ యుదయమున తేల్చెదము. ప్రయాణపు పట్టికలో ఖాళీ దినమున్న నాకు పూర్వము నిద్ర పట్టెడిది కాదు. ఇప్పుడు ఆ ఖాళీయే నాకు ధైర్యము.

రెండవది దిక్కు. బింగెను నుండి కోబ్లెంట్సుకు ప్రవాహముతో పోయిన దాదాపు నాలుగు గంటలు పట్టును. కోబ్లెంట్సు నుండి ఎదురు నీటిలో వచ్చిన సుమారు ఆఱు గంటలు. ఎదురేగు నావలో చూచుటకు తీరిక హెచ్చని కొందఱందురు. కాని చెక్క కుర్చీలో ఆఱు గంటలు కూర్చుండుట డెబ్బదియాఱేండ్ల నడుమునకు శిక్ష. మేము దిగువకే పోయెదము. తిరుగు త్రోవకు రైలున్నది. నాలుగు గంటలును ఒకే పట్టుగ కూర్చుండుటకు ఆయన సిద్ధము. నేనే నడుమ బాఖరాఖు గ్రామమున దిగి, ఒక గంట వీధులు చూచి, తరువాతి నావ ఎక్కుద మంటిని. అచ్చట 1368వ సంవత్సరపు కొయ్య చట్రపు ఇల్లొకటి నేటికిని నిలిచియున్నది. “నీవు దిగుము, నేను దిగను” అనిరి. నేనును దిగను.

మూడవది వసతి. ఆ లోయలో పర్యాటకులు ముందుగ తెలిసికొనవలసినది రైళ్ల చప్పుడు. నదికి ఇరువైపుల రాత్రింబవళ్లు సరకు రైళ్లు పోవుచుండును; కొండలు ఆ చప్పుడును పట్టి ఎదుటి ఒడ్డునకు విసరును. అచ్చటి గ్రామస్థులే దీనిపై చాలకాలముగ మొఱపెట్టుకొనుచున్నారు. బాఖరాఖు కనులకు సొంపే గాని రైలుదారి ఊరి గోడను ఒరసికొని పోవును. మేము బోపార్డు పట్టణమున దిగ నిశ్చయించితిమి. నదియొడ్డున చదునైన నడకదారి కలదు, స్టేషను దగ్గఱ. దారికి దూరముగ, మేడ మెట్లు లేని గది కావలెనని వ్రాసి అడిగితిమి.

బోపార్డున ఇంకొక సౌకర్యము కలదు. ఊరి చివర నుండి కొండపైకి ఇనుప తాటిపై వ్రేలాడు కుర్చీలు పోవును. ఇరువది నిమిషములలో పైకి చేరవచ్చును. అచ్చట నొక చోటునుండి చూచిన, కొండల చాటున నది తునుకలై నాలుగు చెఱువులవలె కనబడును. ఆ చోటికి నాలుగు చెఱువుల చూపు అనియే పేరు. మోకాళ్లు లేనివాడును కొండ యెక్కుటకు ఇది మార్గము. అయితే ఆ కుర్చీ మన కొఱకు ఆగదు, కదలుచుండగనే కూర్చుండవలెను. అన్నగారు “చూతము” అనిరి. చూతము అన్న వలదని అర్థము కాదు. ఆయన సంగతి నాకు తెలియును.

ఈ నదికి మైంట్సుకును కోబ్లెంట్సుకును నడుమ వంతెన యొక్కటియు లేదు. ఒడ్డు మార్చవలెనన్న రేవు పడవయే గతి. బండ్లను సైతము అవి దాటించును. వంతెన కావలెనని అచ్చటివారిలో కొందఱు ఏండ్లుగ కోరుచున్నారు; దానివలన లోయ అందము చెడునని, ప్రపంచ వారసత్వపు పేరు పోవునని కొందఱు అడ్డుపడుచున్నారు. చూచి పోవు వారికి వంతెన లేకుండుటయే సొగసు. అర్ధరాత్రి గర్భిణిని ఎదుటి ఒడ్డునకు చేర్పవలసిన వారికి అది సొగసుగ తోచదు. ఏటి కవతల పొలమున్న రైతులు మీలోను ఉందురు, మీకు నేను వేఱుగ చెప్పనేల?

నావపై మేము ముఖ్యముగ కాచుకొని చూడదలచినది లోరెలై యను బండ. అచ్చట నది మిక్కిలి యిఱుకై, లోతై, వంకర తిరుగును. కుడియొడ్డున 132 మీటర్ల ఎత్తున బండ నిలువుగ లేచును. దానిపై నొక సుందరి కూర్చుండి పాడుచు నావికులను మఱపించి ముంచునను కథను 1824లో హైన్‌రిఖ్ హైనె యను కవి పద్యముగ వ్రాసెను. జర్మనీలో దానిని పాడనివారు అరుదు. సుందరి మాట యెట్లున్నను ముంచుట మాత్రము కల్ల కాదు. 2011 జనవరిలో గంధకామ్లము మోయు పెద్ద నావ ఆ బండ సమీపముననే తలక్రిందై ఇద్దఱు నావికులు మరణించిరి. మలుపు కవతల నుండి దిగివచ్చు నావ ఎదురేగు నావికునకు కనబడదు. అందుచే ఒడ్డున దీపములు నిలిపి, పైనుండి ఏ తీరు నావ వచ్చుచున్నదో వానిచే తెలుపుదురు. కథ తెలిసినవారు బండ కొమ్మును చూచెదరు. మా అన్నగారు ఆ దీపములను చూపుమని ఇప్పుడే నాకు ఆన పెట్టిరి.

కాగితముల సంగతి త్వరగా చెప్పెదను. జర్మనీకి పోవుటకు షెంగెను అనుమతి కావలెను. ప్రయాణమునకు ఆఱు మాసములకు ముందు అర్జీ పెట్టరాదు, పదునైదు దినములకంటె ఆలస్యము చేయరాదు. రోగమునకు, ప్రమాదమునకు కనీసము 30,000 యూరోల భీమా చూపవలెను. పెద్దవారు భీమా పత్రమును పైపైన చదివి సంతకము చేయరాదు. పాత రోగములకు అది వర్తించునా లేదా యనునది చిన్న అక్షరములలో నుండును. మా పత్రములో మోకాలు వర్తించదని అన్నగారు భూతద్దముతో కనిపెట్టిరి. దానిని మార్చి వేఱొకటి తీసికొంటిమి. మందుల చీటీ ఆంగ్లమున వ్రాయించి దగ్గఱ నుంచుకొంటిమి. ఆదివారము అచ్చట అంగళ్లు మూయుదురు. శనివారమే రొట్టె, పాలు తెచ్చుకొనవలెను.

మేము మాంసము ముట్టము. మొదటిమాఱు రొట్టెతో, ఉడికిన బంగాళాదుంపలతో రోజులు గడపితిమి. మే మాసమున మాత్రము అచ్చట తెల్లని పిల్లితీగె మొలకలను ఇంటింట వండుకొందురు. మొలక వెలుగు సోకి ఆకుపచ్చ కాకుండునట్లు దానిపై మట్టి కట్టగ పోసి పెంచి, నేలలో చేయి పెట్టి ఒక్కొక్కటిగ కోయుదురు. జూను 24వ తేదీతో ఆ కోత ముగించుట ఆచారము. అన్నగారికి ఆ మొలక రుచికంటె ఆ మట్టికట్ట చూడవలెనని కోరిక. ఆవకాయ సీసా మాత్రము నా మూటలో నుండును. దానిపై తగవు లేదు.

ఇక విడిచిన వానిని చెప్పెదను. మార్క్స్‌బుర్గు మెట్లు ఈమాఱు లేవు. సాంక్ట్ గోవరు ఊరిపై, 1797లో ఫ్రెంచివారు పేల్చివేసిన రైన్‌ఫెల్సు కోట యెంత గొప్పదో చదివితిని. దానిని క్రిందినుండియే చూచెదము. కౌబు దీవికోటను నావ ప్రక్కనుండి దాటిపోవును, అది చాలును. రూడెస్‌హైములో జనులు క్రిక్కిఱిసిన సన్నని పానశాలల వీధిని మేము త్రాగనివారము కావున సులభముగ విడిచితిమి. నా పాత పట్టికలోని పదునొకండు కోటలలో లోపల అడుగు పెట్టునది ఒక్కటియు లేదు. మొదట ఇది నాకు పస్తుండినట్లుండెను. కాని నావ మీదనుండి చూచిన ఆ పదునొకండు మాత్రమే కాదు, వానికి రెండింతలకు పైగా కోటలు వరుసగ వచ్చి తామే ఎదుట నిలుచును.

నావ కడపట చేరు కోబ్లెంట్సున మోజెలు అను నది వచ్చి రైనులో కలియును. ఆ ఊరి పేరు లాటిను భాషలో సంగమమను మాటనుండి పుట్టినది. ఇది అన్నగారు నాకు తరగతిలో చెప్పినదే. ఆ కొన వఱకు చదునైన బాట కలదని, కూర్చుండుటకు బల్లలు గలవని ఆయన కుమార్తె వ్రాసినది.

నది పొడవున ఒడ్డున పెద్ద పలకలపై కిలోమీటరు సంఖ్యలుండును. కాన్‌స్టాన్‌ట్సు పట్టణపు వంతెనకడ సున్నతో ఆ లెక్క మొదలగును. అన్నగారు ఒక చిన్న పుస్తకమున గీతలు గీసి, కౌబు 546, లోరెలై 555, బోపార్డు 570, కోబ్లెంట్సు 592 అని యిప్పుడే వ్రాసికొనిరి. ప్రతి పలక దాటినప్పుడు గడియారము చూచి వేళ వేసికొని, ప్రవాహపు వేగము లెక్క కట్టెదరట. నాకు ఇచ్చిన పని పలకలు చదివి చెప్పుట. ఆయన కన్ను అంత దూరము ఆనదు.

ఒక్క సంగతి మాత్రము ఇంకను తేలలేదు. కౌబు, లోరెలై కుడియొడ్డున నున్నవి. బాఖరాఖు, బోపార్డు ఎడమ యొడ్డున. నావలో ఏ వైపున కూర్చుండవలెను? నేను ముందుభాగమున నడుమ కూర్చుంద మనుచున్నాను. ముందు గాలి మెండని, వెనుకనే కూర్చుండవలెనని అన్నగారు. నిన్న సాయంకాలము వఱకు ఈ తగవు సాగుచునే యున్నది.